పచ్చని శంఖం, తెర మీది గీత

గేమింగ్ ల్యాప్‌టాప్ తెర మీద నిలువునా ఒక ఆకుపచ్చ గీత పడితే, దోషం ఎక్కడుందో ఆ తెర చెప్పలేదు. ఆటలోని దృశ్యం ప్రాసెసర్‌లో మొదలవుతుంది. గ్రాఫిక్స్ చిప్‌లో రూపుకట్టి, దాని మెమరీలో లిప్తపాటు నిలిచి, మూత కీలు గుండా పోయే సన్నని కేబుల్ దాటుతుంది. ప్యానెల్ అంచున ఉండే చిన్న సర్క్యూట్ దాన్ని వరసలవారీగా పంచితే, వెనకనుంచి వచ్చే వెలుతురులో అది కంటికి చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ నలిగినా, ఎక్కడ తెగినా, బయటపడే చోటు మాత్రం ఒక్కటే. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే జనం సీటీసీ అని పిలుచుకునే కంప్యూటర్ల బజారులో, ఈ చిక్కు రోజూ బల్ల మీదికి వస్తుంది. “అన్నా, డిస్‌ప్లే పోయింది” అని వచ్చిన కుర్రవాడు తాను చూసింది చెబుతాడు. బాగుచేసే మనిషి ఆ చూపు వెనక ఏముందో వెతకాలి.

దర్శనాలకు ఇది పాత ప్రశ్నే. ఒక జ్ఞానం నిజమన్నది ఆ జ్ఞానంలోనే తెలుస్తుందా, మరో జ్ఞానం వచ్చి చెప్పాలా? ప్రామాణ్యవాదం పేరుతో మీమాంసకులూ నైయాయికులూ శతాబ్దాలపాటు దీని మీదే తలపడ్డారు. తెర చెడిన ల్యాప్‌టాప్ ఆ వాదాన్ని కళ్లముందు పెట్టి చూపుతుంది కాబట్టి దాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నను వరసగా పరిశీలించవచ్చు.

మొదట పదాల సంగతి. తెలుగులో అనుమానం అంటే సందేహం. న్యాయశాస్త్రంలో అనుమానం అంటే నిశ్చయానికి చేర్చే దారి. ప్రమాణం అంటే ఇంట్లో ఒట్టు, శాస్త్రంలో సరైన జ్ఞానానికి సాధనం. ఉపాధి అంటే ఊళ్లో కూలిపని, తర్కంలో దాగి ఉండి హేతువును చెడగొట్టే షరతు. ఈ మాటల శాస్త్రార్థాలను నేర్చుకునేవారి చేతికి తేలిగ్గా అందించిన పుస్తకం తర్కసంగ్రహం. దాన్ని రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. బాలురకు సుఖంగా బోధపడాలని రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. బాలుడంటే పసివాడు కాదు, ఇతర శాస్త్రాలు చదివినా న్యాయం చదవనివాడని వ్యాఖ్యాతల వివరణ. ఆ లెక్కన బల్ల ముందు నిలబడే ప్రతి ఒక్కరూ బాలురే.

అన్నంభట్టు అయథార్థ అనుభవాన్ని మూడు రకాలుగా చెప్పాడు: సంశయం, విపర్యయం, తర్కం. చీకట్లో నిలబడ్డది మోడో మనిషో తేలకపోవడం సంశయం. ముత్యపుచిప్పను వెండి అనుకోవడం విపర్యయం. నిప్పే లేకపోతే పొగ ఉండేది కాదు కదా అని, లేనిదాన్ని ఉన్నట్టు ఊహించి చూడడం తర్కం. తెర మిణుకుమంటున్నప్పుడు డ్రైవరా, కేబులా అని ఊగిసలాడడం సంశయం. గీత కనబడగానే ప్యానెల్ పగిలిందని తేల్చేయడం విపర్యయం. తప్పు డ్రైవర్‌దే అయితే విండోస్ లోడ్ కాకముందు, కంపెనీ లోగో వచ్చేటప్పుడు గీత ఉండకూడదు కదా అన్నది తర్కం. మూడూ యథార్థాలు కావని శాస్త్రం ఒకే గాటన కట్టినా మూడోదానికి ప్రమాణానికి తోడ్పడే గౌరవం ఇచ్చింది. ఆ గౌరవం దానికి న్యాయంగా దక్కింది. లోగో తెర మీదా, బయోస్ పేజీ మీదా గీత ఉంటే విండోస్‌నీ, దాని డ్రైవర్లనీ ఒక్క చూపుతో పక్కన పెట్టవచ్చు. విండోస్ లేనిచోట కూడా గీత ఉందంటే గీతకు విండోస్ కారణం కాలేదు.

ఇక అసలు వాదం. 7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిలభట్టు మతంలో ప్రతి జ్ఞానమూ పుట్టుకతోనే ప్రమాణం. దాన్ని కాదనాలంటే రెండే దారులు: దానికి ఎదురుపడే మరో జ్ఞానం రావాలి, లేదా ఆ జ్ఞానాన్ని పుట్టించిన సాధనంలో దోషం బయటపడాలి. అంతవరకూ నమ్మడమే సహజం. నైయాయికులు ఒప్పుకోరు. నిజమైనా అబద్ధమైనా బయటినుంచే తేలాలంటారు. నీళ్లు కనిపించాయి, వెళ్లి తాగితే దాహం తీరింది, అప్పుడు ఆ చూపు నిజం. ఎండమావి అయితే నడక వృథా. ఆటలో మునిగిన కుర్రవాడు కుమారిలుడి మనిషి. తెర మీద ఒక మూల నల్లగా కదిలితే శత్రువే అనుకుని తుపాకీ తిప్పుతాడు. తెరను శంకిస్తూ ఏ ఆటా ఆడలేడు. అదే ల్యాప్‌టాప్ బాగుచేసే బల్ల మీదికి చేరగానే న్యాయమతం మొదలవుతుంది. అక్కడ ఏ చూపూ మరో పని చేసి చూసేదాకా నిజం కాదు. బతకడానికి మొదటిది కావాలి, బాగుచేయడానికి రెండోది కావాలి. ఈ రెంటిలో ఒకటే సరైనదని పట్టుబట్టడం కంటే, ఏది ఎక్కడ పనికొస్తుందో చూడడమే ఈ ప్రశ్నకు మేలు.

సాధనంలోని దోషానికి శాస్త్రాలన్నీ వాడే ఉదాహరణ పచ్చని శంఖం. పిత్తం చేసినవాడికి తెల్లని శంఖం పసుపుగా కనిపిస్తుంది. తెలుగువాళ్లు దాన్నే పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెతలా వాడుకుంటారు. తెర అంతా పసుపు పారినప్పుడు అదే ప్రశ్న: పసుపు శంఖంలో ఉందా, కంటిలో ఉందా? దీనికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. తెరను అదే ల్యాప్‌టాప్‌తో స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మను ఫోన్‌కు పంపి చూడాలి. స్క్రీన్‌షాట్‌లో నమోదయ్యేది చిప్ గీసిన దృశ్యం; కేబుల్, ప్యానెల్ దాకా అది వెళ్లదు. ఫోన్‌లో తెలుపు తెలుపుగానే ఉంటే శంఖం తెల్లనిదే, పిత్తం దిగువన ఎక్కడో ఉంది. అదే ల్యాప్‌టాప్ తెరను ఫోన్ కెమెరాతో ఫొటో తీస్తే మాత్రం ఏమీ తేలదు, ఎందుకంటే కెమెరా కూడా కామెర్ల కంటి ముందే నిలబడింది. పరీక్ష అనిపించుకోవాలంటే రెండో జ్ఞానం వేరే దారిన రావాలి. అదే దారిన వచ్చిన పది జ్ఞానాలు కలిసినా ఒక్క సాక్ష్యమే. ఊరంతా ఒకే మనిషి నోట విని ఒకే మాట చెబితే వందమంది సాక్షులున్నట్టు కాదు.

స్క్రీన్‌షాట్ తెల్లగా వచ్చినా వెంటనే ప్యానెల్‌ను తప్పుపట్టకూడదు. విండోస్‌లో రాత్రిపూట కంటికి హాయిగా ఉండేందుకు రంగును పసుపు వైపు మళ్లించే నైట్ లైట్ అనే అమరిక ఉంది. అది పనిచేస్తున్నప్పుడు తీసిన స్క్రీన్‌షాట్‌లోనూ మామూలుగా ఆ పసుపు ఉండదు. సెట్టింగ్స్‌లో ఒక్క మీట నొక్కితే పోయే పసుపు కోసం ప్యానెల్ మార్చినవాళ్లు ఉంటే వాళ్ల డబ్బు గురించి నిజంగా బాధపడాలి.

ఇక్కడ అద్వైతులు చేసిన ఒక సూక్ష్మమైన విభజన అక్కరకొస్తుంది. తాడును పాము అనుకున్నవాడికి దీపం తెచ్చి చూపితే పాము మరి కనబడదు. జ్ఞానంతోనే పోయే ఇలాంటి భ్రమ నిరుపాధికం. స్ఫటికం పక్కన మందారపువ్వు పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు పువ్వుదని తెలిసిపోయినా ఎర్రగానే కనిపిస్తూ ఉంటుంది, పువ్వు తీసేదాకా. అది సోపాధికం. తెర రోగాలు రెండు జాతులవీ ఉంటాయి. ఆట ఆడుతుంటే అడ్డంగా చీలినట్టు కనిపించే దృశ్యం, చిప్ గీసే వేగమూ తెర మారే వేగమూ కలవక పుట్టేది. ల్యాప్‌టాప్ చెడిపోయిందన్న భయం ఆ సంగతి తెలియగానే పోతుంది. భయం పాము, చీలిక మందారపు ఎరుపు: తెలిసినా కనబడుతూనే ఉంటుంది, వర్టికల్ సింక్ ఆన్ చేసేదాకా. ఒకే తెర మీద రెండు భ్రమలూ పక్కపక్కన ఉండడం, ఒకటి పోయి ఒకటి నిలవడం, ఆ విభజన ఎంత లోతైనదో చూపిస్తుంది. జ్ఞానం వస్తే అన్నీ మాయమవుతాయనుకునేవారు ఈ తేడాను గమనించాలి. జ్ఞాని కళ్లకు కూడా లోకం కనబడుతూనే ఉంటుందని అద్వైతులు చెప్పడానికి ఈ స్ఫటికం మంచి ఆధారం.

కారణాన్ని పట్టుకునే పద్ధతికి పాతవాళ్లు పెట్టిన పేరు అన్వయవ్యతిరేకాలు. ఇది ఉంటే అది ఉంది, ఇది లేకపోతే అది లేదు. బల్ల మీద ఇది ఎలా ఉంటుందో దగ్గరగా చూడవచ్చు. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, తెల్లటి పేజీ ఒకటి తెరిచి, మూతను రెండు వేళ్లతో పట్టుకుని అతి నెమ్మదిగా వెనక్కి వాలుస్తారు. తొంభై డిగ్రీల దగ్గర తెర నిలకడగా ఉంది. ఇంకొంచెం వాల్చగానే కుడి అంచున సన్నని గీత మిణుకుమంది. ఇంకాస్త వాలిస్తే నాలుగు గీతలు. ముందుకు తెస్తే మాయం. మళ్లీ వాలుస్తారు, మళ్లీ అదే కోణం దగ్గర అదే చోట గీత. చెయ్యి అక్కడే ఆగుతుంది. కీలు కదిలితే గీత కదులుతోంది, కీలు ఆగితే గీత ఆగుతోంది. కీలులోంచి పోయేది డిస్‌ప్లే కేబుల్. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీస్తారు. బ్యాక్‌లైట్‌కు పోయే కరెంటు అదే కేబుల్‌లో ఉంటుంది కాబట్టి, అది పారుతుండగా పిన్ను జారితే బోర్డు మీది ఫ్యూజు కాలిపోతుంది. తర్వాత బెజెల్ చుట్టూ గోరంత ప్లాస్టిక్ పలకతో లేపితే, కీలు మూలన నల్ల టేపు చుట్టిన కేబుల్ బయటపడుతుంది. మడత పడ్డచోట టేపు అరిగి, లోపలి వెంట్రుకంత తీగల్లో ఒకటి రాగి రంగు తేలి ఉంటుంది. వేల సార్లు మూత తెరిచి మూసిన చరిత్ర అంతా ఆ ఒక్క అంగుళంలో ఉంది. మామూలు తెరలకు ఈ కేబుల్ కొసన చాలావరకు 30 పిన్నులుంటాయి, 144 హెర్ట్జ్ వంటి వేగంగా మారే తెరలకు 40. ఇంత సన్నటి దారిలో సెకనుకు 144 దృశ్యాలు పోవాలి, ఒక్కోదానికి ఏడు మిల్లీసెకన్లు కూడా దొరకదు.

అన్ని సందర్భాల్లోనూ అనుమానం ఇంత తిన్నగా నడవదు. అందరికీ తెలిసిన పరీక్ష, పక్కన వేరే మానిటర్ తగిలించడం. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే బయటి తెర శుభ్రంగా వెలిగింది, ల్యాప్‌టాప్ తెర మీద మాత్రం గీతలు ఉన్నాయి. వెంటనే చెప్పే మాట: చిప్ బాగుంది, ప్యానెల్ పోయింది. పాత ల్యాప్‌టాప్‌లకు ఈ తీర్పు చాలాసార్లు సరిపోయేది. గేమింగ్ ల్యాప్‌టాప్ విషయంలో ఇది తొందరపాటు.

కారణం దాని నిర్మాణంలో ఉంది. వీటిలో సాధారణంగా రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి: ప్రాసెసర్‌లోనే ఇమిడిపోయిన చిన్నది ఒకటి, ఆటల కోసం విడిగా పెట్టిన పెద్దది మరొకటి. 2010లో ఎన్విడియా తెచ్చిన ఆప్టిమస్ పద్ధతిలో పెద్ద చిప్ దృశ్యాన్ని గీసి చిన్న చిప్‌కు అప్పగిస్తుంది; ల్యాప్‌టాప్ తెరకు దాన్ని పంపేది చిన్న చిప్పే. కరెంటు ఆదా అవుతుందని ఈ ఏర్పాటు. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ రంధ్రం మాత్రం నేరుగా పెద్ద చిప్‌కు తగిలి ఉంటుంది. అంటే బయటి మానిటర్ ఒక చిప్ నుంచి, లోపలి తెర మరో చిప్ నుంచి దృశ్యాన్ని అందుకుంటున్నాయి. చిన్న చిప్ డ్రైవర్ చెడినా, దాని దారిలో లోపం వచ్చినా, బయటి తెర శుభ్రంగానే ఉంటుంది, లోపలి తెర చెడి కనిపిస్తుంది, ప్యానెల్‌కూ కేబుల్‌కూ ఏ పాపమూ తెలియదు.

నైయాయికులు ఇలాంటి హేతువును సవ్యభిచారం అంటారు: తేల్చాల్సింది లేనిచోట కూడా తిరిగే హేతువు. వాళ్ల ప్రసిద్ధ ఉదాహరణ కొండ మీది నిప్పు. పొగ ఉంది కాబట్టి నిప్పు ఉందనడం నిలుస్తుంది. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉందనడం నిలవదు, కణకణలాడే ఇనుపకడ్డీలో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కావాలి. ఆ తడి కట్టె సంబంధమే ఉపాధి, మాట్లాడేవాడు చెప్పకుండా వదిలేసిన షరతు. మానిటర్ పరీక్షలో అలా నోట రాకుండా మిగిలిన షరతు, రెండు తెరలకూ మూలం ఒకటే అయి ఉండాలన్నది. దాన్ని పైకి తీస్తే పరీక్షను చక్కదిద్దుకోవచ్చు. మక్స్ స్విచ్ అనే మలుపు ఉన్న ల్యాప్‌టాప్‌లలో, లోపలి తెరను కూడా నేరుగా పెద్ద చిప్‌కే తగిలేలా అమరిక మార్చి మళ్లీ చూడాలి. ఇప్పుడు గీతలు పోతే తప్పు చిన్న చిప్ వైపు ఉంది. పోకపోతే అప్పుడు కేబుల్ మీదా ప్యానెల్ మీదా నిందకు బలం వస్తుంది. బయటి మానిటర్‌లో కూడా రంగురంగుల చదరాలు పడుతుంటే, అదీ ఆట వేడెక్కాక పడుతుంటే, పెద్ద చిప్‌నో దాని మెమరీనో చూడాలి. ఒక అనుమానం ఎంత బలమైనదో దాని హేతువును చూసి తెలియదు. అందులో దాగిన షరతును ఎంత వెతికారో చూసి తెలుస్తుంది. న్యాయశాస్త్రం తెలుగునేలకు ఇచ్చిన అలవాట్లలో ఇంతకంటే విలువైనది వెతికితే దొరకదు.

తప్పు చూపులో అసలు ఏం జరుగుతుందన్నదానికి దర్శనాలు ఇచ్చిన జవాబులను ఖ్యాతివాదాలంటారు. అన్నింటినీ ఇక్కడ పరచనక్కరలేదు, రెండు చాలు. మరో మీమాంసకుడు ప్రభాకరుడు అసలు తప్పు జ్ఞానమే లేదన్నాడు. చిప్పను చూడడం నిజం, వెండిని గుర్తుచేసుకోవడం నిజం. రెంటి మధ్య ఎడాన్ని గమనించకపోవడమే భ్రమ. వినగానే మొండివాదంలా తోస్తుంది. కానీ ఇలాంటి సంఘటన ఒకటి ఊహించవచ్చు. ఆట మధ్యలో తెర ఉన్నట్టుండి నల్లబడింది, ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. ల్యాప్‌టాప్ మూత మూసిందో లేదో కనిపెట్టేది చాలావాటిలో అయస్కాంతాన్ని పసిగట్టే చిన్న సెన్సర్. అయస్కాంతపు బిళ్ల ఉన్న ఫోన్ కవర్ అరచేతులు ఆనించే చోట పెడితే, మూత పడిందనుకుని అది తెరను ఆర్పేస్తుంది. తెర నల్లగా ఉందన్న చూపు నిజం. ఇంతకుముందు ఎవరి తెరో ఇలాగే పోయిందన్న జ్ఞాపకం నిజం. రెండూ కలిసిపోయి “పోయింది” అన్న మాట పుట్టింది. ఫోన్ పక్కకు జరపగానే తెర వెలుగుతుంది. ఈ సంఘటనకు ప్రభాకరుడి మాట కంటే సరైన వివరణ లేదు.

రెండోది విజ్ఞానవాదులైన బౌద్ధుల ఆత్మఖ్యాతి: కనిపించే ఆకారం బయటి వస్తువుది కాదు, జ్ఞానానిదే. డెల్ ల్యాప్‌టాప్‌లలో ప్యానెల్‌ను విడిగా పరీక్షించే ఏర్పాటు ఒకటుంది. డీ అక్షరం నొక్కిపట్టి పవర్ బటన్ నొక్కితే తెర అంతా ఒక్కో రంగు నింపుకుంటూ మారుతుంది. విండోస్‌తోగానీ ఆటతోగానీ పని లేదు. ఆ శుద్ధమైన తెలుపు మీదా ఎరుపు మీదా గీత కనబడితే, గీత తెచ్చిపెట్టింది కాదు, తెరకు సొంతం. విజ్ఞానవాదం లోకం మొత్తానికి వర్తిస్తుందా అన్నది వేరే చర్చ, కానీ ఆ గీత విషయంలో మాత్రం బయట వస్తువేదీ లేదు.

నల్లబడ్డ తెరకు ఇంకో పరీక్ష ఉంది, చూడటానికి అందమైనది. గదిలో దీపాలార్పి, ఫోన్ టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకోవాలి. బ్యాక్‌లైట్ పోయిన తెర అయితే ఆ వెలుతురు పడినంతమేర డెస్క్‌టాప్ బొమ్మలు మసకగా తేలతాయి. దృశ్యం అంతసేపూ అక్కడే ఉంది, చూపించే వెలుగే లేదు. ఎల్‌సీడీ తెరలోని ద్రవస్ఫటికాలకు సొంత వెలుగు లేదు. వెనకనుంచి వచ్చే తెల్లని కాంతిని అవి అడ్డుకుంటాయి, వదులుతాయి, అంతే. 14వ శతాబ్దంలో విద్యారణ్యులు పంచదశిలో నాటకదీపం అని ఒక ప్రకరణమే రాశారు. నాట్యశాలలో దీపం యజమానినీ, సభికులనూ, నర్తకినీ సమంగా వెలిగిస్తుంది. అందరూ వెళ్లిపోయినా వెలుగుతూనే ఉంటుంది. బుద్ధివృత్తుల వెనక నిలిచిన సాక్షిచైతన్యానికి అది పోలిక. బ్యాక్‌లైట్ ఆ దీపానికి చాలా దగ్గరగా వస్తుంది, ఒక్కచోట తప్ప. బ్యాక్‌లైట్‌ను చూసే కన్ను వేరే ఉంది, అది ఆరిపోతే ఆరిపోయిందని చెప్పేవాడున్నాడు. సాక్షి ఆరితే ఆరిందని చెప్పడానికి మరో సాక్షి కావాలి కాబట్టి సాక్షికి ఆరిపోవడమన్నదే కుదరదని అద్వైతుల వాదం. దోషాన్ని ఎప్పుడూ పక్కకు జరిగి చూడాలన్న నియమానికి వాళ్లు ఒప్పుకునే మినహాయింపు అదొక్కటే. నైయాయికులు దాన్ని కూడా ఒప్పుకోలేదు.

మిగిలింది శబ్దప్రమాణం. చాలామందికి ల్యాప్‌టాప్ విప్పే నేర్పు లేదు. వాళ్లకు దోషం తెలిసేది బాగుచేసేవాడి మాట ద్వారానే. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని అన్నంభట్టు నిర్వచనం. అందులో రెండు అర్హతలు కలిసి ఉన్నాయి: ఉన్నది తెలిసి ఉండాలి, తెలిసింది దాచకూడదు. తెలియక “బోర్డు పోయింది” అనేవాడు మొదటిదానికి తప్పాడు, కేబుల్ అని తెలిసీ ప్యానెల్ డబ్బులు అడిగేవాడు రెండోదానికి తప్పాడు. “ఇంకా తేలలేదు, రెండు రోజులు ఉంచండి” అనేవాడు సంశయాన్ని సంశయంగానే చెబుతున్నాడు కాబట్టి ఆ మాట నిండు ప్రమాణం. ఆ మాట అన్నవాడిని చేతకానివాడిగా చూసే అలవాటు మానుకుంటే, ఆ మాట చెప్పగలిగేవాళ్లు పెరుగుతారు.

కొత్త కేబుల్ వేశాక నైయాయికుడి పరీక్ష వస్తుంది. మూతను ఆ చివరి నుంచి ఈ చివరికి నెమ్మదిగా తిప్పి చూస్తారు. బరువైన ఆట ఒకటి పెట్టి, చిప్ వేడెక్కేదాకా వదిలేస్తారు. గీత రాలేదు. దాహం తీరింది, చూపు నిజమైంది. అయినా ఒక శంక మిగిలే ఉంటుంది. కుండకు మట్టి మోసుకొచ్చిన గాడిద, కుండ పుట్టుకకు ముందు అక్కడే ఉన్నా, కుండకు కారణం కాదు. అలాంటిదాన్ని శాస్త్రం అన్యథాసిద్ధం అంటుంది. కేబుల్ మార్చడంలో పాత కనెక్టర్ ఊడదీసి, దుమ్ము తుడిచి, కొత్తది గట్టిగా నొక్కి పెట్టారు. గీతను పోగొట్టింది కొత్త కేబులా, ఆ నొక్కడమా? తేల్చాలంటే బ్యాటరీ మళ్లీ ఊడదీసి, బెజెల్ మళ్లీ లేపి, పాత కేబుల్‌నే అంత గట్టిగానూ తగిలించి, అదే కోణానికి మూత వాల్చి చూడాలి. గీత తిరిగి వస్తే దోషం కేబుల్‌ది. రాకపోతే కొత్త కేబుల్ ఆ గాడిదే, పాతదాన్ని అలాగే ఉంచి మూత బిగించవచ్చు.